అయిదో గీత

నేను పసిపిల్లల పాలు దొంగిలించానని మా సంఘం నమ్మింది. నేను దొంగిలించలేదు. ఆ మాట నా మొహం మీద అన్నది పరాయివాడు కాదు, నాకు అక్షరాలు దిద్దించిన జీవరత్నం మాస్టారు. మీ కళ్ళ ముందే కొలుస్తాను చూడండని నేను బతిమాలితే, కొలవక్కర్లేదన్నదీ ఆయనే. పదిమందిలో అన్న మాటను పదిమందిలో వెనక్కి తీసుకోలేదు. ఇది ముందు చెప్పకుండా ఆయన మంచితనం గురించి మొదలుపెడితే నా చెయ్యి నాకే అబద్ధం చెబుతున్నట్టుంటుంది.

మొన్న కలకత్తా న్యూ టౌన్‌లో మా అమ్మాయి కరుణ ఇంట్లో కూర్చున్నాను. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు ఇంకా కడుతూనే ఉన్నారు, కిటికీ తెరిస్తే సిమెంటు దుమ్ము. వంటింట్లోంచి ఒక వాసన వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో పాలపొడి ఉండలు కట్టి నెమ్మదిగా విడిపోతున్నప్పుడు వచ్చే వాసన అది. కాస్త తియ్యగా, కాస్త తడిసిన అట్టపెట్టెలా ఉంటుంది.  లోపలికి వెళ్ళాను. కరుణ కేకు చేస్తోంది. దాని చేతిలో గాజు కొలపాత్ర ఉంది. ఒక పక్క మిల్లీలీటర్లు, రెండో పక్క కప్పులూ ఔన్సులూ ఎర్రగా అచ్చువేసి ఉన్నాయి. పైనుంచి ఓ చూపు చూసి పొయ్యబోయింది. నేను ఆపి, మోకాళ్ళు వంచి, కన్ను సరిగ్గా గీతకి ఎదురుగా పెట్టి చూశాను. "ఏటి నాన్నా, కేకే కదా! ఇంజెక్షనా ఏటి?" అని నవ్వింది. నేను నవ్వలేదు. నాకలా వంగడం నేర్పిన మనిషి గురించే ఈ రాత. కరుణ తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. కాబట్టి ఇది దాని కంటపడదు. ఆయన్ని ఎన్నడూ చూడని మీకోసమే రాస్తున్నాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపుకి ఖలాసీగా వచ్చాడు. నేను పుట్టి పెరిగిందంతా అక్కడి లైను ఇళ్ళలోనే. బెంగాలీ బడిలో అయిదో తరగతితో నా చదువు సరి, తెలుగు అక్షరం రాదు. తరవాత నేనూ వర్క్‌షాపులోనే చేరాను. జీవరత్నం మాస్టారు నిజానికి బడిపంతులు కాదు, వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తా. నూనెలూ రంగులూ కొలిచి ఇవ్వడం ఆయన పని. మా తెలుగు గుడికి, అంటే చర్చికి, పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక, తెలుగు చదువు రాని మాలాంటి వాళ్ళను నలుగురైదుగురిని బెంచీ మీద కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు, ఇంగ్లీషు అంకెలు, భిన్నాలు నేర్పేవారు. అందుకే అందరికీ మాస్టారయ్యారు. మనిషి పొట్టి. చొక్కా మెడ బొత్తాం ఎండాకాలంలో కూడా పెట్టుకునేవారు. జ్యేష్ఠమాసపు కలకత్తా ఉక్కలో ఆ బొత్తాం చూస్తే మాకే ఊపిరి ఆడేది కాదు.

నేను మొదటిసారి స్టోర్సు కిటికీ దగ్గరికి నూనె కోసం వెళ్ళినప్పుడు ఆయన కొలపాత్ర నా ముందు పెట్టి, ఎంతుందో చెప్పమన్నారు. నిలబడే చూసి, నిండిందన్నాను. "వొంగు" అన్నారు. వంగాను. "ఇంకా వొంగు. గీత నీ కాడికి రాదు, నువ్వే గీత కాడికెళ్ళాలి." అలా చూస్తే నూనె గీతకి కాస్త కిందే ఉంది. "ఎంత తేడా ఉందండి మాస్టారూ, వేలెడు కూడా లేదు కదా" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "వేలెడే. ఆ వేలెడు ఎవడికి తక్కువవుతాదో, ఆడినడుగు."

ఆయన ఏ మాటనీ ఊరికే పోనిచ్చేవారు కాదు. ఒకసారి ఎర్రజెండాల ఊరేగింపు మా లైన్ల పక్కనుంచి వెళ్తోంది. అప్పట్లో అలాంటివి వారానికొకటి ఉండేవి. కరెంటు పోయి అందరం గుమ్మాల్లోనే ఉన్నాం. "లచ్చమంది అంటన్నారండి మాస్టారూ" అన్నాను గొప్పగా. "కొలిచినావేట్రా?" అన్నారాయన. లైనంతా నవ్వింది. తరవాత చాలాకాలం ఎవరు ఏం చెప్పినా "కొలిచినావేటి?" అనడం మా మధ్య వేళాకోళమైపోయింది. మా నాన్న పెట్టిన పేరు శామ్యూలు అయినా, నన్ను మనిషిని చేసింది మాత్రం ఆ ప్రశ్నే. కాలేజీ స్ట్రీటు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని నా అంతట నేను చదువుకోవడం మొదలుపెట్టింది కూడా ఆ ప్రశ్న వల్లే.

అలాంటి రోజుల్లో మా గుడికి అమెరికా దాతలెవరో పాలపొడి పంపించారు. రైలుకట్ట పక్క బస్తీలో పిల్లలకి రోజూ తెల్లవారుతూనే పాలు పొయ్యాలి. కలిపే పని మాస్టారు నాకు అప్పగించారు. డ్యూటీకి ముందు నేను కలిపేవాణ్ణి. పొడి పాకెట్లతో పాటు పెట్టెలో ఒక తెల్ల ప్లాస్టిక్ కప్పు కూడా వచ్చింది. ఒక కప్పు పొడికి నాలుగు కప్పుల నీళ్ళు. పాకెట్లో పొడి ఇరవై కప్పులుండేది. మొత్తం కలిపితే అయిదు గ్యాలన్ల పాలవుతాయని పాకెట్ మీద అచ్చువేసి ఉంది. కలిపిన పాలు పొయ్యడానికి మా గుడిలో ఒక పాత క్యాన్ ఉండేది. మా పెద్దల కాలంలో శ్రీకాకుళం వైపు ఆసుపత్రి నడిపిన కెనడా దొరసాని ఇచ్చిందది. కళాయి పూసిన క్యాన్, లోపల ఇత్తడి పట్టీ, పట్టీ మీద గ్యాలనుకొక గీత చొప్పున అయిదు గీతలు. ప్రేమ విందులో పాయసమైనా, క్రిస్మస్‌కి టీ అయినా దాంతో కొలిస్తేనే మా వాళ్ళకి కొలిచినట్టు. అప్పటికే దేశమంతా లీటర్లలోకి మారిపోయి చాలా ఏళ్ళయింది. అయినా మా పెద్దలు మాత్రం "దొరసాని గ్యాలన్" అనే అనేవారు, ఏదో బైబిలు వాక్యంలోని మాటలా.

ఇంకొక సంగతి చెప్పాలి. మా సంఘం పిల్లలెవరూ ఆ పాల వరసలో నిలబడేవారు కాదు. అది ఎక్కడా రాసిన నియమం కాదు, మా పరువు. మనం ఇచ్చేవాళ్ళం, పుచ్చుకునేవాళ్ళం కాదు అనుకునేవాళ్ళం. అప్పుడు కరుణ ఏడాది నిండని పిల్ల. మా ఆవిడ సువార్త టైఫాయిడ్‌తో పడుకుని ఉంది, దాని దగ్గర పాలు ఎండిపోయాయి. సర్కారు పాల బూత్ కార్డు మాకు ఇంకా రాలేదు. కరుణకి బార్లీ నీళ్ళూ గంజీ పట్టేవాళ్ళం. తెల్లారి లేచి వందమంది పిల్లలకి పాలు కలిపి, చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్ళి నా కూతురికి గంజి పట్టేవాణ్ణి. నా చొక్కాకి పాలవాసన తగిలి అది నా భుజం చప్పరించేది. అందులో అన్యాయం ఉందని నాకు అప్పుడు తోచనైనా లేదు, అదీ విచిత్రం.

ఒక ఉదయం మాస్టారు చూడ్డానికి వచ్చారు. క్యాన్ మూత తీసి, మోకాళ్ళు వంచి, పట్టీ మీద గీతలు చూశారు.

"ఇదేట్రా శామేలూ? పాకెట్ మీద అయిదు గ్యాలన్లని ఉన్నాది. పాలు నాలుగో గీత దాటి వేలెడు లేవు."

"పాకెట్ మొత్తం పోసీసినానండి మాస్టారూ. ఆళ్ళ కప్పుతోనే కలిపినాను."

"మరి మిగతావేటయినట్టు?"

"నాకూ అదే తెలీట్లేదండి. నీళ్ళు పోసి గీతకి తెచ్చీమంటారా?"

"పిల్లల నోట్లో నీళ్ళు పోస్తావేట్రా!" అని కసిరారు.

మర్నాడూ అంతే, ఆ తరవాతా అంతే. ఎప్పుడు చూసినా నాలుగో గీత దాటి కాస్త. ఎలకల భయానికి ఆ ప్లాస్టిక్ కప్పుని నేను ఇంటికి తీసుకెళ్ళి కడిగి తెచ్చేవాణ్ణి. గుడికొచ్చే ఒకావిడ నా సంచిలో ఆ కప్పు చూసింది, దాని అంచున తెల్లగా ఆరిపోయిన పాలు చూసింది. ఇంట్లో పసిపిల్ల ఉందనీ తెలుసు, తల్లి మంచాన పడిందనీ తెలుసు. ఇక వాళ్ళకి కావలసిందేముంది?

ఆదివారం ఆరాధన చివర, ఆశీర్వాదానికి ముందు మాస్టారు లేచారు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

"శామేలు మన పిల్లడే. ఇంట్లో కష్టం ఉన్నాది. కష్టంలో చెయ్యి జారితే మనం రాళ్ళేస్తామా? ఒప్పుకుంటే సంఘం ప్రార్థన చేస్తాది. అంతటితో సరి."

నేను లేచి నిలబడ్డాను. "నానేటి ఒప్పుకోవాలండి? దొంగనైతే నీళ్ళు పోసి అయిదో గీతకి తెచ్చీసుందును కదండి, ఎవులికి తెలిసీది? ఇప్పుడే ఓ పాకెట్ తెప్పించండి. మీరే కలపండి, మీరే వొంగి చూడండి."

"గుళ్ళో పాల పరీచ్చలేటమ్మా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "కొలవక్కర్లేదు శామేలూ. పాకెట్ మీద అచ్చులో ఉన్నాది. క్యాన్ మీద ఇత్తడిలో ఉన్నాది. ఆ రెండూ అబద్ధమాడవు."

అంటే ఆడేది నేనన్నమాట. కొలిచినావేటి అని లోకమంతటినీ అడిగిన మనిషి, నా విషయం వచ్చేసరికి కొలవక్కర్లేదన్నారు!  

మా గుడిలో ఒప్పుకోలుకి ఒక పద్ధతి ఉంది. ముందున్న బల్ల దగ్గర మోకరించాలి, సంఘపెద్ద మన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, చివర సంఘమంతా ఆమెన్ అంటుంది. ఆయన నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. నాకు 'అ' దిద్దించిన చెయ్యి అది. నా మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. నేను చెయ్యని దొంగతనాన్ని క్షమించమని ఆయన దేవుణ్ణి అడిగారు. కన్నీళ్ళు పెట్టుకుని మరీ అడిగారు. ఆమెన్ అని అందరూ అన్నారు. వాళ్ళతో పాటు నా నోటి నుంచి కూడా ఆ మాట వచ్చింది.

ఇంటికొచ్చేసరికి సంగతి సువార్తకి చేరిపోయింది. మంచం మీద నుంచే అడిగింది.

"మోకరించినావా?"

"మోకరించినాను."

"ఆమెనన్నావా?"

నేను కరుణ గంజి గిన్నె అందుకున్నాను. సువార్త గోడవైపు తిరిగి పడుకుంది. దానికి నా మీద అనుమానం లేదు, అదే నాకు ఎక్కువ సిగ్గు. సంగతి బయటికీ పాకింది. వర్క్‌షాపు గేటు దగ్గర టీకొట్టు నితాయ్ దా నన్ను చూడగానే కేకేసేవాడు: "కీ గో దూధ్‌వాలా, చాయే దూధ్ కొమ్ దేబో, నా బేశీ?" ఏం పాలవాడా, టీలో పాలు తక్కువ వెయ్యనా ఎక్కువ వెయ్యనా అని. వాడికి అదొక సరదా. ఆ పూట నుంచి నేను పాలు లేని టీ తాగడం మొదలుపెట్టాను. గుడికి వెళ్ళడం, పాలు కలపడం మానేశాను. నా తరవాత పాలు కలిపినవాళ్ళు ముందు క్యాన్‌లో నీళ్ళు అయిదో గీత దాకా నింపి, అందులో పాకెట్ గుమ్మరించేవారట. ఇక లెక్క ఏనాడూ తప్పలేదు. చూశారా, శామేలు పోయాక పాలు సరిపోతున్నాయి అన్నారట. పాలు పలచబడ్డాయేమోనని బస్తీ తల్లులని అడిగినవాళ్ళు లేరు. కొన్నాళ్ళకి అమెరికా నుంచి పొడి రావడం ఆగిపోయింది. నా పేరు మీద మచ్చ మాత్రం ఆగలేదు.

కొన్నేళ్ళు గడిచాక వర్క్‌షాపులో ఒక అమెరికా ప్రెస్సు దింపారు, బండి చక్రాలని ఇరుసు మీదికి నొక్కే యంత్రం. దాని కడుపులో పొయ్యవలసిన నూనె ఎన్ని గ్యాలన్లో పలక మీద చెక్కి ఉంది. మేం స్టోర్సు నుంచి పాత గ్యాలన్ డబ్బాలతో తెచ్చి పోస్తున్నాం. చెప్పినన్ని డబ్బాలు ఇంకా పూర్తి కానే లేదు, నూనె పైకి పొంగి నేలంతా పారింది. నా చెప్పులు నూనెలో మునిగిపోయాయి. అందరూ జారుతూ నవ్వుతూ ఉంటే బెంగాలీ ఫోర్‌మన్ నెత్తి కొట్టుకున్నాడు. "ఆరే, ఆమేరికార్ గ్యాలన్ ఛోటో రే!" అమెరికా గ్యాలన్ చిన్నదట! నేను ఒక్కణ్ణే నవ్వలేదు. ఆ నూనెలో అలాగే నిలబడిపోయాను. నాకు నాలుగో గీత కనిపిస్తోంది.

ఆ తరవాత ఎంత చదివానో, ఎవరెవరిని అడిగానో! ఇంగ్లీషువాడి గ్యాలన్ దాదాపు నాలుగున్నర లీటర్లు. కెనడావాళ్ళు వాడిందీ అదే. అమెరికావాడిది నాలుగు లీటర్లు కూడా లేదు, మూడు లీటర్ల ఏడువందల ఎనభై అయిదు మిల్లీలీటర్లు. పింటూ అంతే, క్వార్టూ అంతే, అమెరికావి చిన్నవి. పోనీ అన్నీ చిన్నవేనా అంటే కాదు, వాళ్ళ ఔన్సు ఇంగ్లీషు ఔన్సు కంటే రవంత పెద్దది! అమెరికా గ్యాలన్‌లో నూట ఇరవై ఎనిమిది ఔన్సులు, ఇంగ్లీషు దాంట్లో నూట అరవై. అమెరికా, కెనడా పక్కపక్క దేశాలు, ఒకే భాష, ఒకే పేరు, లోపల వేరువేరు సరుకు. ఎవరిచ్చారు వీళ్ళకి ఆ హక్కు? లీటరు ఒక్కటే ఎక్కడికెళ్ళినా లీటరు. ఆ రోజు పాకెట్ మీద లీటర్లని ఉండి ఉంటే నేను మోకరించేవాణ్ణి కాదు. అమెరికా అయిదు గ్యాలన్లంటే పందొమ్మిది లీటర్లకి కాస్త తక్కువ. దొరసాని క్యాన్ అయిదో గీతకి చేరాలంటే ఇరవై రెండున్నర లీటర్లు దాటాలి. నా కప్పు అమెరికాది, నా క్యాన్ కెనడాది. ఆ రెండింటి మధ్య నన్ను పడేశారు.

మాస్టారు అప్పటికి రిటైరై, భార్య పోయి, లిలువాలోనే ఒక గదిలో ఉంటున్నారు. గుడిలో కొత్త పాత్రలు కొన్నాక దొరసాని క్యాన్‌ని ఆయనే తెచ్చుకుని మంచినీళ్ళకి వాడుకుంటున్నారు. ఒక సాయంత్రం ఆ తెల్ల ప్లాస్టిక్ కప్పు పట్టుకుని వెళ్ళాను. నేను మానేసిన రోజు అది మా ఇంట్లో ఉండిపోయింది. ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. నమస్కారం పెట్టకుండానే క్యాన్‌లో నీళ్ళు ఒంపేసి, కొళాయి కింద కూర్చుని కప్పుతో కొలవడం మొదలుపెట్టాను. "ఏట్రా ఇది?" అన్నారు. "కొలుస్తన్నానండి" అన్నాను. ఆయన గోడ పట్టుకుని మోకాళ్ళు వంచి, కన్ను ఇత్తడి పట్టీకి ఎదురుగా పెట్టారు. పదహారు కప్పులు పోశాను. అమెరికా లెక్కలో అదొక గ్యాలన్. నీళ్ళు మొదటి గీతని అందుకోలేదు. పందొమ్మిది దాటితే గాని ఆ గీత తడవలేదు. అమెరికా గ్యాలన్ సంగతంతా చెప్పాను. ఆయన అలా వంగే ఉన్నారు. ఇత్తడి పట్టీని వేలితో తడిమి "అయితే నీ తరవాత ఆ పిల్లలకి నీళ్ళు పోసినామురా" అన్నారు.

"మరి నా మాటేటండి? గుళ్ళో అన్నారు కదా, గుళ్ళోనే చెప్పండి" అన్నాను.

ఆయన లేవలేక లేచి, "పొద్దుపోతంది, ఇంటికెళ్ళు" అన్నారు. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

ఆ తలుపుని నేను చాలాకాలం తిట్టుకున్నాను. వచ్చే ఆదివారం చెబుతారు, పండక్కి చెబుతారు అని గుడికెళ్ళే వాళ్ళని ఆరా తీసేవాణ్ణి. చెప్పలేదు. అయినా ఆయన నాకు నేర్పింది నాలోంచి పోలేదు. ఈరోజుకీ మందు సీసా అయినా, కిరసనాయిలైనా, మనవరాలి పాలసీసా అయినా వంగి చూస్తాను. ఎవరినైనా ఒక మాట అనేముందు, కొలిచినావేట్రా అని ఆయన గొంతు లోపల వినిపిస్తుంది. ఆయన అడగని ఒక్క ప్రశ్నని నేను ఇన్నేళ్ళుగా ఆయన గొంతుతోనే అడుగుతున్నాను. వేళ్ళు ముడతలు పడ్డాయి గాని, ఆ బల్ల ముందు నేల చల్లదనం నా మోకాళ్ళకి ఇంకా తెలుసు.

వానలు పోయాక ఒక రోజు ఆయనే మా ఇంటికి వచ్చారు. చేతిలో కర్ర, మెడ బొత్తాం పెట్టుకునే ఉన్నారు. కుర్చీ వేస్తే వద్దని గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. సువార్త లోపలికి వెళ్ళిపోయింది. కరుణ అప్పుడు స్కూల్ నుంచి వచ్చింది. మంచినీళ్ళిమ్మని దాన్నే అడిగి, గ్లాసు పుచ్చుకుని, తాగకుండా దాని బక్క చేతుల వైపే చూస్తూ ఉండిపోయారు. నాకు జాలి కలగలేదు, నిజం చెప్పాలి. "ఇన్నాళ్ళూ గుళ్ళో ఎందుకు చెప్పలేదండి?" అని నిలబడే అడిగాను. ఆయన గ్లాసు మెట్టు మీద పెట్టారు.

"చెప్దామని లేచినాన్రా, రెండుసార్లు లేచినాను. అమెరికా గ్యాలన్ చిన్నదని చెప్తే అందరూ ఓహో అనీసి, నవ్వుకుని ఇంటికెళ్ళిపోతారు. తప్పంతా గ్యాలన్‌ది అయిపోతాది. నీ పిల్లకి పాల్లేవని మా అందరికీ తెలుసురా శామేలూ. తెలుసు కాబట్టే నిన్ను దొంగన్నాం. తెలిసుండీ, ఓ గ్లాసుడు ఇంటికి పట్టికెళ్ళరా అని మాత్రం ఒక్కరం అనలేదు. అది ఎలాగ చెప్పాలో తెలీక, కూకుండిపోయినాను."